మొగ దాటే ముందు

భైరవపాలెం,
ఆదివారం

బుజ్జమ్మా,

నమీబియాలో స్కెలిటన్ బే అలల మీద సర్ఫింగ్‌కి వెళ్తున్నానని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు మాట పెగల్లేదు. అందుకే రాస్తున్నాను. వద్దనడానికి కాదు. ఋషికొండ దగ్గర బోర్డు మీద తడబడిన పిల్లవి కావు ఇప్పుడు. ఇన్నేళ్లు కేప్‌టౌన్ చలినీళ్లలో ఆరితేరావు. ఆ అలకి నువ్వు తగినదానివే.

నువ్వు పంపిన ఫొటో రాత్రంతా చూశాను. ఎడారి అంచున సన్నగా, పొడుగ్గా ఇసుక దిబ్బ, దాని చాటున వాల్విస్ బే రేవు. అచ్చం మన హోప్ ఐలాండే కదమ్మా! గోదారి తెచ్చిన ఇసుకని దక్షిణం కెరటాలు ఉత్తరానికి తోసి తోసి ఆ దిబ్బ కట్టాయి. అది అడ్డుండబట్టే కాకినాడ రేవులో పడవలు నెమ్మదిగా నిలబడతాయి. స్కెలిటన్ బేలో కూడా ఇసుక ఉత్తరానికే పోతుంది, అల కూడా ఒడ్డు వెంబడే అటే పరిగెడుతుంది. కిలోమీటరు దాటి ఒకే అల మీద పోవచ్చని నువ్వంటే మొదట నమ్మలేదు. ఇసుక దారి తెలిశాక నమ్మాను.

నా భయం కూడా అక్కడే ఉంది. ఇసుకని అంత దూరం మోసుకుపోయే నీళ్లకి మనిషి ఒక లెక్కా? పడిపోతే ఎదురీదకు. తిన్నగా ఒడ్డెక్కి, నడిచే వెనక్కి రా. ఎంత దూరమైనా సరే. అల అక్కడ ఒడ్డు పక్కనే, లోతులేని చోట గొట్టంలా చుట్టుకుని విరుగుతుందన్నావు. కింద ఇసుకే అని ధీమా పడకు, తడి ఇసుక రాయిలా తగులుతుంది. తల ముందు పడకుండా చూసుకో, చేతులు తలకి అడ్డం పెట్టుకో.

ఇంకొకటి. దిగీ దిగగానే నీళ్లలోకి పోకు. నేను బోటు నడిపే సరంగుగా ఉన్నన్నాళ్లూ, గోదారి సముద్రంలో కలిసే మొగ దాటే ముందు ఇంజిన్ తగ్గించి కెరటాలు లెక్కపెట్టేవాణ్ణి. పెద్దవి గుంపుగా వస్తాయి, ఆ తర్వాత కాస్త సందు దొరుకుతుంది. నీకు మూడేళ్లప్పుడు ఒక్కసారి ఆ సందు కోసం ఆగలేదు. చేపకి మంచి రేటుందని తొందరపడ్డాను. బోటు అడ్డం తిరిగింది, మీ చినమామయ్య భుజం విరిగింది. తప్పు పూర్తిగా నాదే. ఇప్పటికీ వాడు చెయ్యి పైకెత్తలేక చొక్కా తొడుక్కుంటుంటే నేను అటు చూడలేను.

పోయినేడు అక్కడికెళ్లినవాళ్ల మాట విను కానీ, దాన్నే పట్టుకోకు. మన మొగలో నిరుటి దారి ఈ ఏడు దిబ్బ అయిపోతుంది. ఇసుక ఉన్నచోట ఏ ఏటికా ఏడు కొత్తగా చూసుకోవాల్సిందే. ఆ తీరం వెంట పారే బెంగ్వేలా సముద్ర ప్రవాహపు చలికి కాళ్లు మొద్దుబారితే, అల ఎంత బాగున్నా బయటికొచ్చెయ్. ఒంటరిగా మాత్రం దిగకు.

బయటికి రాగానే ఫోన్ చెయ్యి. నీకు సాయంత్రం ఆరంటే మాకు రాత్రి తొమ్మిదిన్నర. 1996 నవంబరు తుపానుకి నేను ఇల్లు చేరేదాకా మీ అమ్మ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఇంట్లో ఎవరు నీళ్ల మీదున్నా ఇప్పటికీ అంతే. నువ్వు ఫోన్ చేశాకే అన్నం వడ్డించుకుంటాం.

నాన్న