గోల్ కొట్టిందెవరో రాయని వార్త

సంపాదకుల గారికి,

అయ్యా,

పోయిన వారం మీ క్రీడల పేజీలో కింద కుడివైపు మూలన, బూట్ల ప్రకటన పక్కన ఐదు లైన్ల వార్త ఒకటి వేశారు. ‘త్రివిధ దళాల స్నేహపూర్వక ఫుట్‌బాల్‌లో ఆర్మీ విజయం’ అని హెడ్డింగ్. ఆ రోజే రాద్దామనుకున్నాను గానీ కళ్లజోడు రిపేరుకిచ్చి ఉన్నాను. ఈలోగా కోపం చల్లారుతుందని మా ఆవిడ ఆశపడింది. చల్లారలేదు.

ఆ ఐదు లైన్లలో ముఖ్య అతిథి పేరుంది, ర్యాంకుంది. ఆయన సతీమణి గారు కప్పు అందించారని ఉంది. క్రీడలతో క్రమశిక్షణ అలవడుతుందని ఆయన అన్నారని కూడా ఉంది. స్కోరు మాత్రం లేదు. గోల్ కొట్టిన కుర్రాడి పేరు లేదు. ఆర్మీ గెలిచిందట. ఏ ఆర్మీ అండీ? ఇంటర్ సర్వీసెస్ పోటీల్లో ఆర్మీ తరఫున రెండు జట్లు దిగుతాయి. ఒకటి ఆర్మీ రెడ్, ఇంకొకటి ఆర్మీ గ్రీన్. వాటితో నేవీ, ఎయిర్‌ఫోర్స్ పోటీ పడతాయి. రెడ్డూ గ్రీనూ ఎదురెదురుగా తలపడితే ఆర్మీ గెలిచిందన్న మాట ఆర్మీ ఓడిందన్నంత నిజం. పైగా ఫొటో కింద ‘ఎర్ర జెర్సీల్లో ఆర్మీ క్రీడాకారులు’ అని రాశారు. ఫొటోలో ఉన్నవాళ్లు వేసుకున్నది నీలం. రెడ్ అంటే చొక్కా రంగనుకున్నారు కాబోలు, ఫొటో చూసే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది.

ఉండబట్టలేక మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మూడుసార్లు లైను మార్చిన తర్వాత ఒక అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. ‘ప్రెస్ నోట్‌లో అంతే ఉంది సార్’ అన్నాడు. అంటే మ్యాచ్‌కి ఎవరూ వెళ్లలేదు. కప్పు అందించే ఫొటోతో పాటు కాగితం వచ్చింది, కాగితంలో ఉన్నది అచ్చయింది. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. ఒక్కడే పది వార్తలు చూసుకుంటున్నట్టున్నాడు, గొంతులోనే తెలిసిపోయింది.

ఇంతకీ నన్ను ఎక్కువ మండించింది ఇదేమీ కాదు. ఆ ‘స్నేహపూర్వక’ అన్న మాట. నేను 1974లో ఇఎంఇలో, అంటే ఆర్మీలో వాహనాలూ యంత్రాలూ బాగుచేసే విభాగంలో చేరాను. హవల్దారుగా రిటైరయ్యాను. పెద్ద ఆటగాణ్ణేమీ కాదు, కంపెనీ జట్టులో లెఫ్ట్ బ్యాక్, అదీ ఇంకెవరూ దొరకనప్పుడు. కానీ ఎయిర్‌ఫోర్స్‌తో మ్యాచ్ ఉందంటే మా యూనిట్లో వాతావరణం ఎలా ఉండేదో నాకు తెలుసు. మామూలు రోజుల్లో సాయంత్రం గేమ్స్ పరేడ్ అంటే తప్పించుకునే వాళ్లు కూడా ఆ వారం లైను మీద నిలబడి ప్రాక్టీసు చూసేవారు. గోల్‌కీపర్‌కి లంగర్లో, అంటే మా వంటశాలలో, రెండు గుడ్లు ఎక్కువ పడేవి, అడగకుండానే. ఒకసారి మా సుబేదార్ సాబ్ ఫాలిన్‌లో అందర్నీ వరసగా నిలబెట్టి, ‘గెలిస్తే ఛుట్టీ సంగతి నేను చూసుకుంటా, ఓడితే ఛుట్టీ అన్న మాట నా ముందు ఎత్తొద్దు’ అన్నాడు. ఓడాం. ఆయన మాట మీద నిలబడ్డాడు. ఆ ఏడాది సంక్రాంతి నేను బ్యారక్‌లోనే చేసుకున్నాను. ఇందులో స్నేహం ఎక్కడుందో, పూర్వకం ఎక్కడుందో మీరే చెప్పాలి.

మా బావమరిది నేవీలో పదిహేనేళ్లు చేశాడు. ఇప్పుడు గాజువాకలో ఉంటాడు. మీ వార్త వాట్సాప్‌లో చూసి పొద్దున్నే ఫోన్. ‘బావా, మీవాళ్లు గెలిచారట, ఎవరి మీద?’ తెలియదన్నాను. ‘ఎన్ని గోల్సు?’ తెలియదన్నాను. ‘మీవాళ్లకే తెలియకుండా గెలిచారా?’ అని నవ్వాడు. పెళ్లయిన నలభై ఏళ్లలో మా ఇద్దరి మధ్య పొలం తగాదా కూడా రాలేదు గానీ, ఆర్మీ-నేవీ మ్యాచ్ దగ్గర మాత్రం మాటలు ఆగిపోయిన సందర్భాలున్నాయి. 2025 డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ టోర్నీలో నేవీ క్వార్టర్ ఫైనల్‌కి వెళ్లినప్పుడు వాడు నెల రోజులు నా ప్రాణం తీశాడు. షిల్లాంగ్ లజాంగ్ చేతిలో ఓడాక నేను ఒక్క మెసేజ్ పెట్టాను, అంతే. మా చెల్లెమ్మ కల్పించుకోవాల్సి వచ్చింది.

అయ్యా, ఈ ఊరికీ ఈ ఆటకీ ఏం సంబంధమో మీ డెస్కులో కూర్చున్న పిల్లలకి ఎవరైనా చెప్పారా? 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్ చాలా ఏళ్లు తెల్లవాళ్ల రెజిమెంట్ల సొత్తు. మొట్టమొదట దాన్ని గెలిచిన భారత జట్టు 1940లో మహమ్మడన్ స్పోర్టింగ్. స్వాతంత్ర్యం వచ్చాక జరిగిన మొదటి డ్యూరాండ్, 1950లో, మన హైదరాబాద్ సిటీ పోలీస్ తెచ్చింది. కోచ్ రహీమ్ సాబ్ పెంచిన జట్టు అది. ఈ సంగతి మీరు అయిదేళ్లకోసారైనా ఆదివారం అనుబంధంలో వేస్తారు, సంతోషం. కానీ 1955 సంగతి ఎప్పుడైనా వేశారా? ఆ ఏడు ఫైనల్లో రెండు జట్లూ ఫౌజీలవే. తమిళనాడు వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఒకవైపు, ఇండియన్ ఎయిర్‌ఫోర్స్ ఇంకోవైపు. మద్రాస్ రెజిమెంట్ 3-2తో గెలిచింది. ఆ గెలిచిన జట్టు గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ హైదరాబాద్‌లో పుట్టి, సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆడి, 1953లో ఆర్మీలో చేరినవాడు. మొదట్లో సెంటర్ ఫార్వర్డ్, తర్వాత గోల్లోకి మారాడు. 1958లో అదే జట్టుతో మళ్లీ డ్యూరాండ్ తెచ్చాడు, ఈసారి గూర్ఖా బ్రిగేడ్ మీద. అంటే అదీ ఫౌజీకీ ఫౌజీకీ మధ్యే. త్రివిధ దళాల ఉమ్మడి జట్టు సర్వీసెస్ మొదటిసారి సంతోష్ ట్రోఫీ, అంటే రాష్ట్రాల జట్లు ఆడే జాతీయ పోటీ, గెలిచినప్పుడు కెప్టెన్ కూడా ఆయనే. 1962 ఏషియాడ్‌లో మనకి బంగారు పతకం వచ్చినప్పుడు జట్టులో ఉన్నాడు. మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ కూడా కుర్రతనంలో ఆర్మీ కంబాట్ ఫోర్స్ జట్టుకి ఆడినవాడే. 1962 బంగారంలో ఆయన వాటా ఏమిటో అందరికీ తెలుసు. కనీసం తెలుసని నేను అనుకుంటున్నాను.

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అంటారా? 2016లో ఆర్మీ గ్రీన్ డ్యూరాండ్ గెలిచింది. మణిపూర్ క్లబ్ నెరోకాతో ఫైనల్ గోల్ లేకుండా ముగిసి పెనాల్టీల దాకా వెళ్లింది. లక్షలకి లక్షలు పోసి కొన్న ఆటగాళ్లు కాదు వాళ్లు. పొద్దున పీటీ, సాయంత్రం ఆట, సెలవుల కోసం దరఖాస్తు. ఆ రోజు మీ పేజీ నేను దాచుకున్నాను. దాచుకున్నది మీ వార్త కోసం కాదు, అందులో ఆ వార్త లేదని మా బావమరిదికి చూపించడం కోసం.

రుమేనియాలో స్టెయావా అని ఆర్మీ క్లబ్బొకటి ఉంది. అక్కడి ఆర్మీ జట్టుకీ హోంశాఖ జట్టు డైనమోకీ మ్యాచ్ అంటే నగరం రెండుగా చీలేది. 1986లో బార్సిలోనాని పెనాల్టీల్లో ఓడించి యూరోపియన్ కప్ కూడా తెచ్చుకున్నారు. తర్వాత క్లబ్ ప్రైవేటు చేతుల్లోకి పోతే, ఆ పేరు మాది అని రక్షణ శాఖ కోర్టుకెక్కింది. చివరికి ఆ ప్రైవేటు యజమాని తన జట్టు పేరు మార్చుకోవాల్సి వచ్చింది. పేరు కోసం అక్కడ సైన్యం కోర్టుకెళ్లింది. ఇక్కడ రెడ్డో గ్రీనో రాయడానికి మీకు చోటు చాల్లేదు.

చోటు లేదని కూడా అనలేను. కంటోన్మెంట్‌లో ఆర్మీవాళ్లు రోడ్డు గేటు మూశారంటే సగం పేజీ, మ్యాపుతో సహా. రాయండి, కాదనను, ఆ గేటు దగ్గర చుట్టూ తిరిగి వెళ్లేవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ గేటు మూసినప్పుడు తప్ప ఆర్మీ మీకు కనపడదా? 2025 డిసెంబర్‌లో మెస్సీ ఉప్పల్‌కి వచ్చినప్పుడు మొదటి పేజీ, రెండో పేజీ, మధ్య పేజీలు కూడా ఆయనకే. ఆయన దిగిన విమానం, ఎక్కిన కారు అన్నీ తెలిశాయి. ఆడింది క్రికెట్ స్టేడియంలో, అదీ కొన్ని నిమిషాలు. ఫుట్‌బాల్‌కి మనం చేసిన సేవ అది. అంతకు కొన్ని వారాల ముందే, 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ మూటా ముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. ఇప్పుడది ఢిల్లీ పేరుతో ఆడుతోంది. ఏ మంత్రీ కన్నీరు పెట్టలేదు. లాల్ బహదూర్ స్టేడియం అయితే బహిరంగ సభలకీ ప్రమాణ స్వీకారాలకీ బాగా పనికొస్తుంది. అక్కడ గడ్డికి నాయకుల పేర్లన్నీ తెలుసు.

2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ ఆఖరి మ్యాచ్‌లు మన గచ్చిబౌలిలో జరిగాయి. సెమీ ఫైనల్ సర్వీసెస్‌దీ పశ్చిమ బెంగాల్‌దీ. మల్కాజిగిరి నుంచి రెండు బస్సులు మారి వెళ్లాను. మా సర్వీసెస్ జట్టు మొదటి సగంలోనే మూడు గోల్స్ తినేసింది. లేచి వెళ్లిపోదామనుకున్నాను. రెండో సగంలో రెండు తిరిగొచ్చాయి. చివరి నిమిషాల్లో సమం చేస్తారేమోనని అరిచి అరిచి గొంతు పోయింది. ఆఖరున బెంగాల్ ఇంకోటి కొట్టి 4-2 చేసింది. అప్పుడు నా పక్కన కూర్చున్న కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడట, జాలిగా చూసి ‘అంకుల్, సర్వీసెస్ అంటే ఏ రాష్ట్రం?’ అని అడిగాడు. నాకు కోపం రాలేదు. వాడికి ఎవరు చెప్పాలి? ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఏడాది పొడుగునా ఒకరి మీద ఒకరు కత్తులు నూరి, సంతోష్ ట్రోఫీ వచ్చేసరికి ఒకే చొక్కా వేసుకుని ఆడతారని బస్సు ఎక్కేదాకా చెప్పాను. నేవీవాడు పాస్ ఇస్తే ఆర్మీవాడు గోల్ కొట్టాలి, నెల కిందటే వాళ్లిద్దరూ కాలర్లు పట్టుకుని ఉంటారు అంటే వాడు పెద్దగా నవ్వాడు. ‘ఇది పేపర్లో ఎందుకు రాయరు అంకుల్?’ అన్నాడు. ఈ ప్రశ్న మీకు పంపిస్తున్నాను.

ఇంకొక్క మాట. సర్వీసెస్ జట్టు పట్టీలో కేరళ పేర్లు, మణిపూర్ పేర్లు ఎన్నో కనిపిస్తాయి. తెలుగు పేరు కోసం వేలు పెట్టి వెతుక్కోవాలి. మన పిల్లలు ఫౌజులో లేరా అంటే ప్రతి ఊళ్లో ఉన్నారు. మైదానం లేదు, స్కూల్లో పీఈటీ లేడు, ఉన్నచోట ఆయన్ని ఎలక్షన్ డ్యూటీకో సర్వేకో పంపుతారు. దీని మీద రెండేళ్ల కిందట ఒక ఆఫీసులో అర్జీ ఇచ్చాను. ‘పరిశీలిస్తాం’ అని రసీదు ఇచ్చారు. రసీదు జాగ్రత్తగా ఉంది.

ఈ ఉత్తరం పొడుగైందని నాకు తెలుసు. వానాకాలం నీళ్ల గురించి పోయినసారి నేను రాసింది సగానికి కోసి వేశారు, ఇదీ కోయండి. తంగరాజ్ పేరున్న వాక్యాల జోలికి మాత్రం వెళ్లకండి. ఆ రోజు గోల్ కొట్టిన కుర్రాడెవరో నాకింకా తెలియలేదు. రెడ్డో గ్రీనో కూడా తెలియలేదు. మ్యాచ్ చూసినవారు ఎవరైనా ఉంటే ఇదే శీర్షికకి రాయగలరు. మా బావమరిది రోజూ అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు, ఇఎంఇ
మల్కాజిగిరి