పద్దెనిమిదేళ్లు నిండాక వీళ్లకు పనేది?

సంపాదకులకు నమస్కారం.

మార్చి 21న ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినోత్సవం గురించి మీరు మా జిల్లా ఎడిషన్‌లో వేసిన వార్త చూశాను. డౌన్ సిండ్రోమ్ అంటే పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండి, ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా సాగే స్థితి. అది ఉన్నవాళ్లకు నాయకులు పండ్లు, మిఠాయిలు పంచుతున్న ఫొటో, కింద నాలుగు వాక్యాలు. ఆ మాత్రమైనా వేసినందుకు సంతోషం. అయితే ఆ ఫొటోలో నిలబడ్డవాళ్లలో సగం మంది మీసాలొచ్చిన కుర్రాళ్లు, ఓణీలు వేసుకునే వయసు దాటిన అమ్మాయిలు. వాళ్ల చేతిలోనూ ఒక అరటిపండు, ఒక చాక్లెట్ పెట్టి ఇంటికి పంపేశారు. ఈ ఉత్తరం ఆ పెద్దవాళ్ల గురించి.

నేను పశ్చిమ గోదావరి జిల్లాలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే ఒక భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయురాలిని. మా దగ్గరకు వచ్చే డౌన్ సిండ్రోమ్ పిల్లలకు బొత్తాలు పెట్టుకోవడం, పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి అక్షరాలు, అంకెలు, డబ్బు గుర్తుపట్టడం దాకా నేర్పుతాం. ఫిజియోథెరపీ ఉంటుంది, మాటలు రానివాళ్లకు మాటలు నేర్పుతాం. ఇదంతా పద్దెనిమిదేళ్ల వరకే. ఆ తర్వాత రిజిస్టర్‌లోంచి పేరు పోతుంది.

పేరు పోయాక ఏమవుతుందో చెబుతాను. మా కేంద్రంలో చదివిన ఒక అమ్మాయి బస్సు బోర్డు మీద ఊరి పేరు చదివేది, వంద రూపాయలకు చిల్లర సరిచూసుకునేది. రెండేళ్లుగా ఇంట్లోనే టీవీ ముందు ఉంటోంది. మొన్న చూడ్డానికి వెళ్తే యాభై నోటుకీ ఇరవై నోటుకీ తేడా చెప్పలేకపోయింది. వాళ్లమ్మ “మీ దగ్గరికొచ్చినన్నాళ్లే బాగుందండీ మేడం గారూ, ఇప్పుడు మళ్లీ మొదటికొచ్చింది” అని కళ్లొత్తుకుంది. నేర్చుకున్నది వాడకపోతే ఎవరికైనా పోతుంది. ఈ పిల్లలకు ఇంకా తొందరగా పోతుంది.

అమెరికాలో 1983లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం పాతికేళ్లు. ఇప్పుడు అరవై. వీళ్లలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది. దానికి చిన్నప్పుడే ఆపరేషన్ చేయడం మొదలయ్యాక పరిస్థితి ఇంతగా మారింది. మన దగ్గర కూడా ఆపరేషన్ చేయించుకున్న పిల్లలు నా కళ్ల ముందే పెరిగి పెద్దవుతున్నారు. అంటే చదువు ఆగిపోయాక కూడా ఇంకా నలభై ఏళ్ల బతుకు ఉంది. ఆ నలభై ఏళ్లకు మనం ఏ ఏర్పాటూ చేయలేదు. ‘మా తర్వాత వీడి గతేంటి మేడం?’ అని అడగని తల్లిదండ్రులు లేరు.

2023లో ఆస్కార్ ఇచ్చిన రోజు పొద్దున్నే మనమందరం టీవీల ముందు కూర్చుని ‘నాటు నాటు’కు వస్తుందా రాదా అని టెన్షన్ పడ్డాం. అదే వేదిక మీద ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ వాసి జేమ్స్ మార్టిన్ కూడా ఉన్నారు. ఆయన ప్రధాన పాత్రల్లో ఒకటి వేసిన ‘యాన్ ఐరిష్ గుడ్‌బై’కి లఘుచిత్రాల విభాగంలో అవార్డు వచ్చింది. ఆ రోజే ఆయన 31వ పుట్టినరోజు. దర్శకులిద్దరూ అవార్డు అందుకుని, హాలులో ఉన్న హేమాహేమీలందరి చేతా ఆయనకు పుట్టినరోజు పాట పాడించారు. జేమ్స్ మార్టిన్‌కు డౌన్ సిండ్రోమ్ ఉంది. మన పాటకు అవార్డొచ్చిన ఆనందంలో ఈ సంగతి మన పత్రికల్లో పెద్దగా కనబడలేదు, దానికి ఎవరినీ తప్పుపట్టను. నేను తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు ఆస్కార్ కన్నా ఇంకో సంగతి గట్టిగా చెబుతాను. ఆయన బెల్‌ఫాస్ట్‌లో ఒక కాఫీ షాపులో కాఫీ కలిపే ఉద్యోగం కూడా చేశారు. ఆస్కార్ ఎవరికో ఒకరికి వస్తుంది. కాఫీ షాపులో పని మా తణుకులో, భీమవరంలో కూడా ఇవ్వొచ్చు.

అమెరికాకు చెందిన జూడిత్ స్కాట్ గురించి తెలిసినప్పుడు మాత్రం నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. ఆవిడ 1943లో కవలల్లో ఒకరిగా పుట్టారు. తోడబుట్టిన జాయిస్‌కు ఏ సమస్యా లేదు. జూడిత్‌కు డౌన్ సిండ్రోమ్. దానికి తోడు చిన్నప్పుడే వినికిడి పోయింది. వినబడదన్న సంగతి ఎవరూ కనిపెట్టలేదు. పరీక్ష పెట్టిన వాళ్లు అడిగిన ప్రశ్నలు వినబడక ఆ పిల్ల పలకలేదు. చదువు చెప్పడానికి పనికిరాదని రాసేసి, ఏడేళ్ల వయసులో ప్రభుత్వ ఆశ్రమానికి పంపేశారు. ముప్పై అయిదేళ్లు అక్కడే ఉన్నారు. 1980ల మధ్యలో జాయిస్ ఆవిడ సంరక్షణ బాధ్యత తీసుకుని కాలిఫోర్నియాకు తెచ్చుకున్నారు. 1987లో ఓక్లాండ్‌లోని ‘క్రియేటివ్ గ్రోత్’ అనే కళాకేంద్రంలో చేర్చారు. దాదాపు రెండేళ్లు జూడిత్ దేని మీదా ఆసక్తి చూపలేదు. రంగులిచ్చినా గీతలే గీసేవారు. తర్వాత ఒక నేతకళాకారిణి తరగతిలో దారాలు, గుడ్డపేలికలు చేతికొచ్చాయి. అప్పటినుంచి దొరికిన వస్తువునల్లా దారాలతో చుట్టి చుట్టి మనిషంత శిల్పాలు తయారుచేశారు. 2005లో చనిపోయేలోగా రెండు వందలకు పైగా చేశారు. ఈరోజు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో కూడా ఆవిడ పని ఉంది.

నలభై దాటాక మొదలుపెట్టారండీ! మనవాళ్లయితే ఇరవై ఏళ్లకే ‘ఇంకేం నేర్చుకుంటాడులే’ అని వదిలేస్తారు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ పిల్లల్లో వినికిడి లోపం, థైరాయిడ్ సమస్య చాలా మామూలు. నా దగ్గరకొచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో ఎక్కువమంది చెవి పరీక్ష చేయించి ఉండరు. పిల్లాడు పలకకపోతే బుద్ధి లేదనుకుంటారు. మీ పాఠకుల్లో అలాంటి తల్లిదండ్రులుంటే దయచేసి ముందు చెవి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఒకసారి చేయిస్తే సరిపోదు, ఏటా చేయించాలి.

నేను టీచర్ని కాబట్టి నాకు బాగా ఇష్టమైన మనిషి అర్జెంటీనాలోని కొర్దోబా నగరానికి చెందిన నొయెలియా గరేయా. చిన్నప్పుడు ఆవిడను ఒక నర్సరీ స్కూలు చేర్చుకోలేదు. రాక్షసి అన్నారట. ఆవిడ పట్టుబట్టి టీచర్ శిక్షణ తీసుకుని, తమ దేశంలో డౌన్ సిండ్రోమ్ ఉన్న తొలి శిశుతరగతి ఉపాధ్యాయురాలయ్యారు. 2016లో ఆవిడ గురించి ప్రపంచమంతా వార్తలొచ్చాయి. రెండు మూడేళ్ల పిల్లలకు పాఠం చెప్పేవారు. ఆ వయసు పిల్లలు టీచర్ ముఖంలో తేడా వెతకరు, తమతో ఆడుతుందా లేదా అనే చూస్తారు. నా అనుభవమూ అదే. మా బడిలో మామూలు పిల్లలు మా కేంద్రం పిల్లలతో హాయిగా కలిసిపోతారు. ఇబ్బందల్లా పెద్దవాళ్లతోనే.

స్పెయిన్‌లో మార్ గల్సెరాన్ 2023 సెప్టెంబరులో వలెన్సియా ప్రాంతీయ పార్లమెంటులో సభ్యురాలయ్యారు. మన లెక్కలో ఎమ్మెల్యే అన్నమాట. ఆ దేశంలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో అలాంటి పదవి చేపట్టిన మొదటి వ్యక్తి ఆవిడే. అప్పటికి ఆవిడకు నలభై దాటాయి. పద్దెనిమిదేళ్లకే పార్టీలో చేరి, ఎన్నో ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేసి ఆ స్థాయికి వచ్చారు. ఫ్లోరిడాకు చెందిన క్రిస్ నికిక్ గురించి మీలో కొందరు వినే ఉంటారు. 2020 నవంబరులో 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, 42 కిలోమీటర్లు పరుగెత్తి, పదిహేడు గంటల గడువులోపే ఐరన్‌మ్యాన్ పోటీ పూర్తిచేశారు. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో అది చేసిన మొదటి మనిషి. పక్కన తాడు కట్టుకుని తోడు వచ్చిన శిక్షకుడు ఒకరున్నారు. ఆ తోడు లేకుండా ఇది జరిగేది కాదు. మన పిల్లలకు కరువైనది ఆ తోడే.

మన దేశంలోనూ ఉన్నారు. నవీ ముంబయిలోని బేలాపూర్‌లో అదితి వర్మ 2016లో ‘అదితీస్ కార్నర్’ అనే చిన్న ఫలహారశాల పెట్టుకున్నారు. కేరళ నటుడు గోపీకృష్ణ వర్మ 2021లో ‘తిరికె’ అనే మలయాళ సినిమాలో ప్రధాన పాత్ర వేశారు. తర్వాత 2025లో ఆమిర్ ఖాన్ ‘సితారే జమీన్ పర్’లో నటించారు. మన రెండు రాష్ట్రాల్లో ఇలాంటివాళ్లు లేరని నేననను. ఉన్నవాళ్ల గురించి మనకు చెప్పేవాళ్లు లేరు.

నాకు తెలిసిన ఒకబ్బాయి మా కేంద్రం నుంచి వెళ్లాక వాళ్ల బాబాయి టెంట్ హౌస్‌లో పనికి కుదిరాడు. ప్లేట్లు, గ్లాసులు పాతిక చొప్పున దొంతర్లు పెట్టి కట్టలు కడతాడు. లెక్క తప్పడు. పెళ్లి నుంచి సామాను తిరిగొచ్చినప్పుడు ఎన్ని తగ్గాయో అతనే చెబుతాడు. మొదట్లో అన్నం పెట్టి పంపేవారు. “మిగతావాళ్లతో సమానంగా కాకపోయినా చేసిన పనికి కూలీ ఇవ్వండి బాబాయిగారూ” అని నేను అడిగితే, ఆయన ఆలోచించి ఆ వారం నుంచే ఇస్తున్నారు. అయితే ఒక పెళ్లిలో “ఈ అబ్బాయిని కాస్త వెనకాల ఉంచండి, ఫొటోల్లో పడతాడు” అని పెళ్లివారు అన్నారట. ఆ మాట నాతో చెప్పింది ఆ అబ్బాయే. అన్నీ అర్థమవుతాయి వాళ్లకి.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతం రిజర్వేషన్ ఇచ్చింది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం (మా పిల్లలు దీని కిందికే వస్తారు), మానసిక అనారోగ్యం లాంటి వాటన్నిటికీ కలిపి. కాగితం మీద బాగుంది. కానీ ఆఫీసులో ఫైళ్లు అందించే పనికి కూడా రాతపరీక్ష పెడితే మా పిల్లలు ఆ గుమ్మం దాటలేరు. పనిచేయించి చూసి తీసుకునే పద్ధతి రావాలి. సికింద్రాబాద్ బోయినపల్లిలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ 1984 నుంచీ ఉంది. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పే విధానం మాలాంటి టీచర్లకు అలాంటిచోటి నుంచే వచ్చింది. ఆ విద్య మండలాల దాకా రావాలంటే భవిత కేంద్రాల్లో పద్దెనిమిది దాటినవాళ్లకు సాయంత్రాలైనా ఒక బ్యాచ్ పెట్టాలి. పని దొరికాక మొదటి కొన్ని నెలలు పక్కనుండి నేర్పే మనిషికి జీతం ఇవ్వాలి. గది ఉంది, బెంచీలున్నాయి, మేమున్నాం. కావలసింది ఒక ఉత్తర్వు.

తల్లిదండ్రులకు ఇంకో భయం ఉంది. పనికి పంపితే ఇప్పుడొచ్చే ఆరు వేల పింఛను ఆపేస్తారేమో అని. నాలుగు రోజుల కూలీ కోసం నెలనెలా వచ్చేది పోగొట్టుకుంటామా అంటారు. పేదవాళ్ల లెక్క అది, నేను కాదనలేను. చిన్నపాటి కూలీ సంపాదిస్తే పింఛనుకు ఢోకా లేదని ప్రభుత్వం స్పష్టంగా ప్రకటిస్తే చాలామంది పిల్లలు గడప దాటుతారు.

మీకు నా విన్నపం ఇది. ఏడాదికొక్కరోజు పండ్లు పంచిన ఫొటోతో సరిపెట్టకండి. మీ విలేకరులను కిరాణా కొట్లకు, బేకరీలకు, మొక్కల నర్సరీలకు, టెంట్ హౌస్‌లకు పంపండి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లు ఎక్కడ పనిచేస్తుంటే అక్కడికి వెళ్లి రాయండి. ఏం పని చేస్తున్నారు, ఎవరు నేర్పారు, నేర్చుకోవడానికి ఎంతకాలం పట్టింది, ఎంత కూలీ ఇస్తున్నారు, ఇవన్నీ రాయండి. ‘దేవుడి బిడ్డ’, ‘పాపం’ అనే మాటలు వద్దు. యజమాని ఫొటో వేస్తే పక్కన పనిచేసే మనిషి ఫొటో కూడా వేయండి, ఆ పనిచేసే మనిషిని అడిగే వేయండి. అలాంటి వార్త ఒక్కటొచ్చినా కత్తిరించి మా కేంద్రం గోడకు అంటిస్తాను. మా ఊళ్లో బేకరీ యజమానికి కూడా ఒక కాపీ ఇస్తాను. ఆయన ఈమధ్యే ఒక హెల్పర్ కావాలని బోర్డు పెట్టారు.

ఇట్లు,
ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా