దినాలను లెక్కించడం అంటే

సంపాదకులకు నమస్కారాలు.

క్రైస్తవుల సమాధి కార్యక్రమాల్లో తరచుగా చదివే, బైబిలులోని 90వ కీర్తన మోషే ప్రార్థనగా పేరుపొందింది. మనిషి ఆయుష్షు 70 ఏళ్లు, బలముంటే 80 అని చెప్పిన ఆ కీర్తన, 12వ వచనంలో, తమ దినాలను లెక్కించడం నేర్పమని దేవుణ్ణి వేడుకుంటుంది. ఆ లెక్కను మనం కేవలం మరణభయంగానో, పరలోకం కోసం చేతులు కట్టుకుని ఎదురుచూడటంగానో అర్థం చేసుకుంటున్నామన్నదే నా బాధ. యాకోబు తన పత్రిక (బైబిలు కొత్త నిబంధనలోని లేఖ) 4వ అధ్యాయంలో జీవితాన్ని కాసేపు కనబడి మాయమయ్యే ఆవిరితో పోల్చి, ఆ అధ్యాయం ముగిసేలోగా, మేలు చేయడం తెలిసీ చేయనివానికి అది పాపమని అన్నాడు. 5వ అధ్యాయంలోనైతే చేలు కోసిన పనివారి కూలి బిగపట్టిన ధనవంతులను నిలదీశాడు. ఆయుష్షు కొద్దిదన్న ఎరుక ఆయనను నేరుగా పనివాని కూలి దగ్గరకే తీసుకువెళ్లింది. (ఆరాధనలో ఈ రెండు అధ్యాయాలనూ కలిపి చదివితే ఎంత బాగుండును!)

సూర్యుడు అస్తమించేలోగా కోపం విడిచిపెట్టమని ఎఫెసీయులకు రాసిన పత్రిక చెప్పడంలోనూ ఇదే తొందర ఉంది. తోబుట్టువులతో ఏళ్ల తరబడి మాట్లాడకుండా, ప్రభురాత్రి భోజనానికి (ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి) మాత్రం చేయి చాచే విశ్వాసులను ఆ మాట నిద్రపోనివ్వకూడదు. నేనూ 11 ఏళ్లు అలాగే గడిపి, చివరకు మా అన్నయ్య శవపేటిక పక్కన నిలబడి ఈ కీర్తన విన్నాను.

ఇట్లు,
ఒక విశ్వాసి