కొత్త మిషన్‌కు సబ్సిడీ ఉంది, పాత మిషన్‌కు దిక్కేది? వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

అయ్యా, నాది శ్రీకాకుళం జిల్లాలో నాగావళి పక్కనున్న పల్లె. నారాయణపురం ఆనకట్ట కాలువ కింద కొద్దిగా పల్లం భూమి ఉంది. దాంతోపాటు ఒక వరికోత మిషన్ ఉంది. టైర్లకు బదులు చైన్ల మీద నడిచే చైన్ మిషనే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంతకు ముందు పదేళ్లు ఇతరుల మిషన్ల మీద డ్రైవర్‌గా చేశాను. ఒక మిషన్ బాగుందో లేదో దాని చప్పుడు బట్టే చెప్పగలనని నాకు నమ్మకం ఉండేది. ఆ నమ్మకం ఒక ముసలమ్మ మాటతో పోయింది. ఈ ఉత్తరం అక్కడి నుంచే మొదలైంది.

ఆవిడ మా ఊరే. ఏటా కోతలయ్యాక మళ్లలో పరిగె ఏరుకుంటుంది. రెండేళ్ల కిందట కార్తీక మాసంలో ఒక సాయంత్రం, గడ్డి వరుసల్లో కూర్చుని వెన్నులు ఏరుతూ నన్ను పిలిచింది. "బాబూ, నీ మిషను తిరిగిన మడిలోనే నాకు పరిగి బాగా దొరుకుతాది. రేపు ఏ మడికెళ్తావో చెప్పు, ముందే వచ్చేస్తాను" అంది. మనసారా దీవిస్తున్నట్టే అంది. ఆవిడ ఒళ్లో చూస్తే సగం గింజ రాలి సగం గింజ అంటుకునే ఉన్న వెన్నులు. మిషన్ వెనక నుంచి గడ్డితో పాటు బయటికి వచ్చేసినవి. ఆ మడి నాకు కోత డబ్బులిచ్చిన రైతుది. ఆ గింజ అతని కల్లంలో ఉండాల్సింది.

రాత్రి మిషన్‌లో గింజ నూర్చే డ్రమ్ మూత విప్పి టార్చి వేసి చూశాను. మా మిషన్ డ్రమ్ చుట్టూ ఎనిమిది బార్లుంటాయి. ఆకురాయి మీద ఉన్నట్టు వాటి మీద ఏటవాలు గాట్లుంటాయి. ఆ గాట్లు వెన్నును డ్రమ్ కిందుండే ఇనుప కడ్డీల జాలీకేసి రుద్దితేనే గింజ ఊడుతుంది. అరచేత్తో నిమిరితే నాలుగు బార్లు ఇత్తడి చెంబు అంచులా నున్నగా తగిలాయి. జాలీ కడ్డీల అంచులు కూడా గుండ్రంగా అరిగిపోయాయి. ఇన్నాళ్లూ నేను చేసిందల్లా, నూర్పు సరిగా లేదనిపించిన ప్రతిసారీ జాలీ బిగించడం, డ్రమ్ స్పీడు పెంచడం. అలా చేస్తే వెన్ను దులుపుతుంది గానీ గింజ నలుగుతుంది. వదులు చేస్తే గింజ గడ్డిలో పోతుంది. బార్లు అరిగాక డ్రైవర్ ఎంత గట్టివాడైనా ఈ రెండింటి మధ్య చేయగలిగింది లేదు.

వరి ఇనుమును ఎందుకింతగా తింటుందో మన పెద్దలకు తెలుసు. ఊక బూడిదతో పళ్లు తోముకున్న తరం వాళ్లది, ఆ గరుకు వాళ్లు ఎరుగుదురు. ఆ బూడిదలో 85 నుంచి 90 శాతం సిలికానే, ఇసుకలో ఉండేదీ అదే. ఇక తుపాను వచ్చి చేను పడిపోయిందంటే, మిషన్ ముందు పైరు కోసే కటర్ బార్‌ను నేలకు ఆనించి కోయాలి. ఫింగర్లు, బ్లేడ్లు మట్టిలోనే తిరుగుతాయి. 2018లో తిత్లీ, 2023 డిసెంబరులో మిచౌంగ్. మా వైపు కోతలకూ బంగాళాఖాతానికీ ఏదో పొత్తు ఉన్నట్టే ఉంటుంది. అలాంటి ఏడు మిషన్ పని చేసేది తక్కువ, అరిగేది ఎక్కువ.

డ్రమ్ విప్పి చూసిన మర్నాడు ఒక పని చేశాను. నాలుగు కర్రలు కట్టి మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం చేశాను. కోసిన మడిలో మిషన్ వెనక గడ్డి పడినచోట పరిచి, గడ్డి మెల్లగా దులిపి గింజలు లెక్కపెట్టాను. వెన్నుకు అంటుకున్నవీ కలిపాను. కోయకముందే రాలిన గింజలు ఎన్నో పక్కనున్న కోయని చేలో చూసి తీసేశాను. మిగిలినవి 387. వెయ్యి వరి గింజలు సుమారు 25 గ్రాములు తూగుతాయి, ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. గడ్డి పడని చోట ఇంత ఉండదు, అది ఒప్పుకుంటాను. కానీ ఎకరమంతా అలాగే రాలితే 39 కిలోలు. మా దగ్గర బస్తా అంటే 80 కేజీలు, అందులో సగం. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలు 2,369 రూపాయలు. ఆ లెక్కన 900 రూపాయల పైనే. ఇందులో సగమే పోయిందనుకున్నా, కౌలు రైతుకు అది చిన్న మొత్తం కాదు.

నష్టం అక్కడితో ఆగదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, చెత్తాచెదారం 1 శాతం మించకూడదు. మా మిషన్‌లో జల్లెడ చిరిగినా, గాలి ఫ్యాను బెల్టు జారుతున్నా ట్యాంకులోకి గడ్డి ముక్కలు, తాలు వచ్చేస్తాయి. సంచి విప్పి చూసినాయన రైతునే నిలదీస్తాడు. రైతు మళ్లీ తూర్పారబట్టించుకోవాలి, లేదా అడిగినంత తరుగు ఒప్పుకోవాలి. తప్పు మా జల్లెడది, మాట పడేది అతను.

సరే, అరిగిందని తెలిసింది కదా, మార్చుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అసలు కష్టం అక్కడే ఉంది.

ఎనిమిది బార్లలో పాడైనవి నాలుగే అని ఆ నాలుగే మార్చేస్తే కుదరదు. బారుకు ఎదురుగా ఉన్న బారు కూడా మార్చాలి, జత బరువు సరిపోవాలి. గాట్లు ఒకదానికి కుడివైపు, పక్కదానికి ఎడమవైపు ఉంటాయి, అది తప్పకూడదు. బ్యాలెన్స్ తప్పిందా, డ్రమ్ నిమిషానికి వందల చుట్లు తిరిగేటప్పుడు మిషనంతా వణుకుతుంది, రెండు చివర్లా బేరింగులు పోతాయి. ఆ డ్రమ్ బ్యాలెన్స్ చూసే సదుపాయం మా చుట్టుపక్కల నాకు ఎక్కడా దొరకలేదు. బార్ల కోసం శ్రీకాకుళం తిరిగాను, రాజాం వెళ్లాను, చివరికి వంద కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి విశాఖపట్నం వెళ్లాను. మా మోడల్ పాతదని, ఆర్డర్ పెడితే వస్తాయని చెప్పారు. కోతల సీజన్ అంతా కలిపి మాకు ఐదారు వారాలు. ఆర్డర్ పెట్టిన సామాను వచ్చేసరికి కుప్పలు కూడా అయిపోతాయి.

బేరింగుల సంగతి ఇంకా ఘోరం. ఒకసారి రాత్రి ఎనిమిదింటికి, గింజను ట్యాంకులోకి ఎత్తే ఎలివేటర్ షాఫ్ట్ బేరింగు పోయింది. 6205 నంబరు, 25 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద కూర్చునేది. ఒక షాపు తీయించి తెచ్చుకున్నాను. డబ్బా, అక్షరాలు, నూనె కాగితం అన్నీ అసలుదానిలాగే ఉన్నాయి. మూడో రోజు మధ్యాహ్నం గోనె కాలుతున్న వాసన వచ్చింది. దిగి చూస్తే లోపలి గూడు ముక్కలై, రింగు షాఫ్ట్ మీదే తిరిగేస్తోంది. పక్కన ఎండుగడ్డి పొట్టు పొగలు కక్కుతోంది. నీళ్ల క్యాన్ దగ్గరుండబట్టి సరిపోయింది, లేకపోతే మిషన్‌తో పాటు చేను కూడా తగలబడేది. షాఫ్ట్ చుట్టూ గాడి పడిపోయింది. మా ఊరికి దగ్గర్లో లేత్ నడిపే మామయ్య ఒకాయన ఆ గాడిలో వెల్డింగ్ పోసి, మళ్లీ తరిగి, కాలిపర్స్‌తో పదిసార్లు కొలిచి 25కి తెచ్చిచ్చాడు. రాత్రంతా మేలుకున్నాడు. ఆయనకు అరవై దాటాయి. ఆయన తర్వాత ఆ పని చేసేవాడు ఆ షెడ్డులో లేడు. కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు.

అయ్యా, ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ అనే పథకం పెట్టింది. అప్పటి నుంచి కొత్త యంత్రాలకు సబ్సిడీ వస్తోంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కోత యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. సంతోషమే. కానీ అదే మిషన్‌కు వేసే బేరింగు మీద 18 శాతం అలాగే ఉంది. కొత్త మిషన్ తాళాలు ఇచ్చేటప్పుడు ఫొటోలు తీస్తారు. ఐదో ఏడు అదే మిషన్‌లో కోసిన పైరును డ్రమ్‌కు అందించే ఫీడర్ చైన్ సాగిపోయి మడి మధ్యలో ఆగితే అటు చూసేవారు ఉండరు. మా పల్లెల్లో కోసేవి ఎక్కువగా ఇలాంటి పాత మిషన్లే. కూలీలు దొరకని రోజుల్లో సన్నకారు రైతు వీటినే పిలుస్తాడు.

మేం అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలకు కలిపి ఒక్క మరమ్మతు కేంద్రం పెట్టించండి. మంచి లేత్, గట్టి వెల్డింగ్ వేసే మనిషి, డ్రమ్ బ్యాలెన్స్ చూసే సదుపాయం, ఎక్కువగా అరిగే సామాన్ల నిల్వ. అంటే బ్లేడ్లు, ఫింగర్లు, బార్లు, బెల్టులు, బేరింగులు, చైన్లు. బిల్లుతో, గ్యారంటీతో. అక్టోబరు నుంచి సంక్రాంతి వరకు రాత్రి కూడా తెరిచి ఉంటే చాలు. సొంత భవనం లేకున్నా ఫర్వాలేదు, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలోనో, నైర వ్యవసాయ కళాశాలలోనో ఒక షెడ్డు సరిపోతుంది.

యాంత్రీకరణ నిధుల్లో కొంత పాత మిషన్ల విడిభాగాలకు కేటాయించండి. దుర్వినియోగం అవుతుందన్న భయం ఉంటే పాత బారు అప్పగించాకే కొత్త బారుకు సబ్సిడీ ఇవ్వండి. మేం సంతోషంగా అప్పగిస్తాం.

శిక్షణ సంగతి కూడా చెప్పాలి. వ్యవసాయ యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. మంచి సంస్థ. కానీ మాకు అది రాష్ట్రం ఆ చివర. ఇక్కడి నుంచి వెళ్లి వారాల పాటు ఉండి నేర్చుకునే స్తోమత మా డ్రైవర్లకు లేదు. ఆ గురువులనే ఏటా సెప్టెంబరులో పది రోజులు ఇటు పంపించండి. మా లేత్ మామయ్య లాంటి వాళ్లను కూడా వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఐటీఐల్లో వ్యవసాయ యంత్రాల మెకానిక్ అని ఒక ట్రేడ్ ఉంది. దాన్ని మా వైపు నడిపించి, పిల్లలకు సీజన్‌లో మా మిషన్ల మీదే ప్రాక్టికల్స్ పెట్టిస్తే మేం కాదనం.

ఇంకో మాట మీరు ఢిల్లీతో మాట్లాడాల్సింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. మొదట ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు ఒకటి. ఆ డిసెంబరులో కంపెనీల మరమ్మతు వివరాలు పెట్టే పోర్టల్ కూడా తెరిచారు. మడిలో ఆగిన డ్రైవర్‌కు పోర్టల్ చాలదు. అమ్మిన మిషన్‌కు ఇన్నేళ్ల వరకు సామాను దొరకాలని, వాటి నంబర్లు, ధరలు తెలుగులో రాసి ఇవ్వాలని కంపెనీలకు షరతు పెట్టాలి. సబ్సిడీ ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి, సబ్సిడీ జాబితాలోకి వచ్చే కంపెనీకి ఈ షరతు పెట్టే అధికారం మీ చేతిలోనే ఉంది.

రైతు సేవా కేంద్రాలకు కూడా ఒక చిన్న పని చెప్పండి. ఊళ్లోకి మిషన్ వచ్చిన మొదటి రోజు, మొదటి మడిలో ఆ మీటరు చట్రం పరిచి గింజలు లెక్కపెట్టమనండి. అరగంట పని. లెక్క ఎక్కువ వస్తే మిషన్ ఆపించి సరిచేయమనండి. మా మీద కేసులు పెట్టమని కాదు, సరిచేసుకునే చోటు చూపించమని అడుగుతున్నాను. ఆ చోటు లేకుండా లెక్క ఒక్కటే పెడితే మిషన్లు ఆ ఊరు మానేస్తాయి, పైరు కోయకుండా మళ్లలోనే ఉండిపోతుంది.

నా మిషన్ డ్రమ్ ఇప్పుడు షెడ్డులో రెండు మొద్దుల మీద ఉంది. నాలుగు బార్లు దొరికాయి, వాటికి ఎదురు జతలు ఇంకా రావాలి. పరిగె ఏరే ముసలమ్మ మొన్న అటుగా వెళ్తూ, ఈ ఏడు మిషన్ తిప్పవా బాబూ అని అడిగింది. నవంబరు లోపు సామాను వస్తే తిప్పుతానని చెప్పాను.

ఇట్లు,
నాగావళి ఒడ్డున ఒక రైతు, కోత మిషన్ యజమాని,
శ్రీకాకుళం జిల్లా