గడియారానికి ఒక పొట్ట కథ

ఒరేయ్ గడియారం,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది. తిట్టుకో, పడతాను. ఇల్లు మారాం, చిన్నదానికి పాలపళ్లు ఊడుతున్నాయి, ఉద్యోగం ఎప్పటిలాగే ఏడుస్తోంది. అవన్నీ తరవాత. ముందు నా పొట్ట కథ విను.

మలబద్ధకమని డాక్టరు దగ్గరికి వెళ్తే మందు రాయకుండా, "రోజుకు పీచు ఎంత తింటున్నారు?" అన్నాడు. "రోజూ పళ్లరసం తాగుతాను" అన్నాను, గొప్పగా. ఆయన నవ్వాడు. పీచులో ఎక్కువ భాగం నేను పారేసే పిప్పిలోనే పోతోందట! ఇంటికొచ్చి లెక్క వేశాను. తెల్లన్నం, తెల్ల బ్రెడ్డు, తొక్క చెక్కేసిన యాపిలు... ఏం కూడినా 11 గ్రాములు దాటలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏమో పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలంటోంది. అమెరికా వాళ్ల లెక్కలో మగవాళ్లకు 38, యాభై దాటితే 30. అంటే నేను ఎందులోనూ పాస్ కాలేదు.

నా సంగతి నీకు తెలుసుగా, ఈత రాకుండానే చెరువు మధ్యలోకి దూకినవాణ్ణి. మర్నాడే 40 దాటించాను. పొద్దున గోధుమ తవుడు, మధ్యాహ్నం రెండు గిన్నెల ఉడికించిన శనగలు, తొక్కతో రెండు యాపిళ్లు. నీళ్లు మాత్రం మామూలుగానే, రెండు గ్లాసులు.

మూడు గంటలకు ఆఫీసులో సమావేశం. అందరూ కాగితాలు చదువుతున్నారు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. అప్పుడు మొదలైంది. ముందు తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టు, తరవాత ఖాళీ బిందె దొర్లినట్టు. మా అధికారి తల ఎత్తి, "ఆ ఫ్యాను చూడమనండి" అన్నారు. ఒకతను స్టూలు ఎక్కి, రెక్కలు తిప్పి చూసి, "ఫ్యాను బాగానే ఉందండీ" అన్నాడు. సరిగ్గా ఆ క్షణానే మళ్లీ బిందె! నాలుగో బెంచీ గుర్తొచ్చిందా? అప్పుడంటే నేరం నీ మీదికి తోశాను. ఇప్పుడు పక్కన నువ్వు లేవు కదరా.

రెండు రోజులు పొట్ట డోలులా ఉబ్బింది. మళ్లీ వెళ్తే డాక్టరు, "పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెడితే గాలి పుడుతుంది. వాటికి అలవాటయ్యేలా కొన్ని వారాల మీద కొంచెం కొంచెంగా పెంచండి, నీళ్లు బాగా తాగండి" అన్నాడు. ఈ మాట మొదటిరోజే చెప్పి ఉంటే ఆ స్టూలు ఎక్కినతనికి శ్రమ తప్పేది! ఇప్పుడు 22 దాకా వచ్చాను. ఫ్యాను ప్రశాంతంగా ఉంది.

నీ పొట్ట సంగతి కూడా అడగాలి, ఆ పెళ్లిలో నువ్వు పంక్తి మధ్యలోంచి లేచి... అయ్యో, తపాలా బండి వచ్చింది, కవరు అంటించాలి. ఉంటాను.

నీ,
ఫ్యాను