కెప్టెన్ నౌకను ముంచింది తుపాను కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పంతొమ్మిదో శతాబ్దపు ఇనుప కవచపు యుద్ధనౌకల మీద వచ్చిన వ్యాసాన్ని ఆత్రంగా చదివాను. వారియర్ గురించి, మానిటర్ గురించి చక్కగా రాశారు. బ్రిటిష్ నౌక కెప్టెన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘1870లో తుపానులో మునిగిపోయింది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

నేను ఓడలు కట్టేచోట 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో పంతొమ్మిదేళ్లు బరువుల లెక్కల సెక్షన్లోనే ఉన్నాను. ఓడలోకి ఎక్కే ప్రతి వస్తువూ, అది పంపు కానీ తలుపు కానీ, ఎంత బరువు, ఎంత ఎత్తులో బిగిస్తారు అన్నది రాసుకోవడమే మా పని. ఆ పని చేసినవాడికి కెప్టెన్ కథ పరాయివాళ్ల కథలా అనిపించదు.

ఆ నౌక కౌపర్ కోల్స్ అనే నౌకాదళ అధికారి కల. గుండ్రంగా తిరిగే టరెట్లో, అంటే ఇనుప గూటిలో, పెద్ద ఫిరంగులు పెట్టాలన్నది ఆయన పట్టుదల. అది మంచి ఆలోచనే, తర్వాతి యుద్ధనౌకలన్నీ ఆ దారినే పోయాయి. చిక్కల్లా ఏమిటంటే, ఫిరంగులు అన్నివైపులకీ తిరగాలి, శత్రువుకి ఓడ పక్కభాగం తక్కువగా కనబడాలి అని డెక్కును, అంటే ఓడ పైతలాన్ని, నీటికి బాగా దగ్గరగా దించారు. దాని మీదే పూర్తి తెరచాపలతో ఎత్తయిన స్తంభాలు నిలబెట్టారు. నౌకాదళ ప్రధాన నిర్మాత ఎడ్వర్డ్ రీడ్ ఇది వద్దని మొత్తుకున్నారు. కోల్స్ పత్రికలకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. పత్రికలు, పార్లమెంటు సభ్యులు ఆయన పక్షం వహించారు. చివరికి బర్కెన్‌హెడ్‌లోని లెయిర్డ్ సోదరుల యార్డులో 1867లో పని మొదలైంది. నమూనాలకు బ్రిటిష్ నౌకాదళాన్ని నడిపే అడ్మిరల్టీ ‘అభ్యంతరం లేదు’ అందే తప్ప ‘ఆమోదించాం’ అనలేదు. ఆ రెండు మాటల మధ్య తేడా ఎంతో కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లకి బాగా తెలుసు.

కట్టడం పూర్తయి నీళ్లలో తేలాక చూస్తే ఓడ అనుకున్నదానికంటే 735 టన్నులు ఎక్కువ బరువు తూగింది. నీటిమట్టం నుంచి డెక్కు అంచు దాకా 8 అడుగుల ఎత్తు ఉండాల్సింది ఆరున్నరకు దిగిపోయింది. ఆ 735 టన్నులూ ఒక్కరోజులో ఎక్కినవి కావు. ఇక్కడ కాస్త మందం రేకు, అక్కడ కాస్త పెద్ద బోల్టు. ఎవరూ కూడకపోతే అలాగే పేరుకుపోతాయి.

ఓడ ఎంతవరకు వాలితే తిరిగి లేస్తుందో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. మేమూ చేసేవాళ్లం. గాలీ అలా లేని ఉదయం చూసుకుని, కట్టుతాళ్లు వదులు చేసి, అక్కర్లేని మనుషులందర్నీ దింపేస్తాం. డెక్కు నుంచి అడుగుదాకా దారానికి గుండు వేలాడదీస్తాం, మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు లాంటిదే. అది ఊగకుండా నూనె తొట్టెలో మునిగి ఉంటుంది. తెలిసిన బరువుల్ని డెక్కు మీద ఒక పక్కనుంచి రెండో పక్కకు జరుపుతాం. దారం ఎంత జరిగిందో స్కేలు మీద పెన్సిలు గీత పెడతాం. ఊపిరి బిగబట్టి చూసే గీత అది. ఓడ తాలూకు నిజం అందులోనే ఉంటుంది.

కెప్టెన్‌కి ఈ పరీక్ష 1870 జూలై చివర్లో పోర్ట్స్‌మత్‌లో చేశారు. లెక్కలు పూర్తయ్యేసరికి ఆగస్టు వచ్చింది. అప్పటికే ఓడ సముద్రం మీద ఉంది. ఆ లెక్క చెప్పింది ఇది: 14 డిగ్రీలు వాలితే డెక్కు అంచు నీళ్లలోకి పోతుంది. 21 డిగ్రీల దాకానే లేచే బలం పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది, 54 డిగ్రీలకు ఇక ఏమీ మిగలదు. రీడ్ గీసిన మోనార్క్ అనే టరెట్ నౌకకు ఆ బలం దాదాపు 40 డిగ్రీల దాకా పెరుగుతూ పోయేది. ఎందుకంటే దాని డెక్కు 14 అడుగుల ఎత్తున ఉంది. వాలినప్పుడు నీళ్లలోకి దిగే పక్కభాగమే ఓడను పైకి తోస్తుంది. అంచు మునిగాక తోయడానికి అక్కడ పక్కభాగమంటూ ఉండదు.

సెప్టెంబరు 6న స్పెయిన్ తీరంలో ఫినిస్టెర్ అగ్రం దగ్గర, ఆ ఓడ ఉన్న దళానికి అధిపతి అయిన అడ్మిరల్ మిల్న్ దాన్ని ఎక్కి చూశారు. గాలికి వాలిన పక్క డెక్కు మీదుగా నీళ్లు పొర్లుతుంటే ఆయనకు నచ్చలేదు. సాయంత్రానికి తన నౌకకు తిరిగి వెళ్లిపోయారు. అర్ధరాత్రి దాటాక గాలి ముదిరింది. ఓడ అధిపతి బర్గోయిన్ డెక్కు మీద నిలబడి తెరచాపలు దించమంటుంటే, సిబ్బంది వాలు ఎంతో చూసి కేకలు వేశారు: 18 డిగ్రీలు. 23. 28. నేను చదువుతూ చదువుతూ 23 దగ్గర ఆగిపోయాను. 21 దాటింది కదా, ఇక ప్రతి డిగ్రీకీ లేచే బలం తగ్గుతూనే ఉంటుంది.

470 మందికి పైగా పోయారు. బతికింది 18 మంది. కోల్స్ కూడా ఆ ఓడతోనే పోయారు. నౌకాదళ మంత్రి చిల్డర్స్ కొడుకు, ఇంకా పిల్లవాడే, వాళ్లలో ఉన్నాడు.

అదే రాత్రి, అదే గాలిలో మోనార్క్‌తో సహా దళంలోని మిగతా పది నౌకలూ తేలే ఉన్నాయి. అందుకే ‘తుపాను ముంచింది’ అనకండి అంటున్నాను. విచారణ జరిపిన కోర్టు మార్షల్, అంటే నౌకాదళ న్యాయస్థానం, కూడా ఇదే చెప్పింది. తగిన నిలకడ ఉన్న ఓడకైతే ఆ రాత్రి కట్టిన తెరచాపల వల్ల ప్రమాదమే లేదని, నిపుణుల అభిప్రాయానికి విరుద్ధంగా, పార్లమెంటులోనూ ఇతరత్రానూ వినబడిన ప్రజాభిప్రాయానికి తలొగ్గి దాన్ని కట్టారని తీర్పులో రాసింది. లండన్ సెయింట్ పాల్ చర్చిలో మృతుల స్మారకం మీద ఆ తీర్పు మాటలు చెక్కి ఉన్నాయి.

మీ అనుబంధాన్ని ఇంజినీరింగు చదివే పిల్లలు కూడా చూస్తారు. వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి. చోటు తక్కువైతే నా ఉత్తరం మొత్తం అక్కర్లేదు. 735 టన్నులు, ఆరున్నర అడుగులు, 21 డిగ్రీలు, ఈ మూడు అంకెలు వేసినా చాలు.

ఇట్లు,
విశ్రాంత ఓడ నిర్మాణ ఉద్యోగి,
మీ పాత చందాదారు