రాత్రంతా లైన్లో ఉండిపోయిన మేడమ్‌కి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. రాత్రంతా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే క్షమించండి. పంతొమ్మిది రోజుల తర్వాత, ఇవాళ తెల్లవారుజామున మా సర్వర్ నుంచి పంపిన మెయిల్ జీమెయిల్‌కి చేరింది.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మాది చిన్న ఆఫీసు. పలాస జీడిపప్పు వ్యాపారులు కొందరి మెయిల్స్ మా సర్వర్ మీదే నడుస్తాయి. కొత్త లైన్‌తో ఎనిమిది ఐపీ అడ్రసులు (నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తించే అంకెలు) తీసుకున్నాం, కానీ వాటికి రివర్స్ డీఎన్ఎస్ లేదు. పేరు ఇచ్చి అడ్రస్ అడిగితే వస్తోంది గానీ, అడ్రస్ ఇచ్చి పేరు అడిగితే జవాబు లేదు. అలాంటి చోటి నుంచి వచ్చే మెయిల్‌ని జీమెయిల్ తిప్పికొడుతుంది. బిల్లులన్నీ వెనక్కి వచ్చేశాయి.

ఇంటర్నెట్ కంపెనీకి ఎన్నిసార్లు చెప్పినా 'మీ డొమైన్ ప్యానెల్లో పెట్టుకోండి' అన్నదే మాట. నాలుగు టికెట్లు పెడితే నాలుగూ మూసేశారు. రివర్స్ జోన్, అంటే ఏ అడ్రస్‌కి ఏ పేరో రాసి ఉంచేది, ఉన్నది వాళ్ళ చేతిలో. అది 256 అడ్రసుల లెక్కన తెగుతుంది కాబట్టి, ఎనిమిదే మాకు అప్పగించాలంటే వాళ్ళే ఒక్కో అడ్రస్‌కీ ఒక సీనేమ్ ('జవాబు ఫలానా పేరు దగ్గర చూడండి' అని చెప్పే రికార్డు) రాసి మా సర్వర్ వైపు తిప్పాలి. ఆ పద్ధతి 1998లోనే ఆర్ఎఫ్‌సీ 2317 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రంలో రాసి పెట్టారు. నెలనెలా డబ్బు కట్టేవాడికి ఈపాటి జవాబు చెప్పే మనిషి కూడా దొరకరా?

నిన్న రాత్రి పదకొండింటికి ఐదోసారి చేస్తే, కాల్ ఎలాగో నెట్‌వర్క్ విభాగంలో నైట్ డ్యూటీ మేడమ్‌కి వెళ్ళింది. మొత్తం విన్నారు. "మీరు చెప్పింది కరెక్టే బాబూ, పని మా వైపే ఉంది" అన్నారు. కాసేపాగి, "భోజనం చేశారా?" అని అడిగారు. లేదన్నాను. "తిని రండి, ఈలోగా ఎనిమిదీ నేను రాస్తాను." నాకు గొంతు పూడుకుపోయింది. ఫోన్ పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాను.

తిని వచ్చాక చూస్తే పేరు వస్తోంది గానీ తప్పుగా వస్తోంది. ఆవిడ అక్షరం అక్షరం చదివి వినిపించారు. "మీ సర్వర్ పేరు వెనకాల మళ్ళీ రివర్స్ జోన్ పేరు, ఇన్-యాడర్ డాట్ అర్పా, అతుక్కుంది చూడండి. మీ ఫైల్లో పేరు చివర చుక్క పెట్టలేదు." చుక్క పెట్టి, ఫైలు మారిందని తెలిపే సీరియల్ నంబర్ పెంచి, రీలోడ్ చేశాను. ఎనిమిదింటినీ ఒక్కొక్కటే ఇద్దరం కలిసి చూసుకున్నాం. ఆవిడ డ్యూటీ రెండింటికే అయిపోయిందని ఫోన్ పెట్టేసే ముందు గానీ తెలియలేదు. పేరు రాయొద్దన్నారు, రాయను. మేడమ్, మీకు శతకోటి నమస్కారాలు.

మా ఆవిడ, తమ్ముడు ఎప్పటిలాగే ఉన్నారు, వాళ్ళకి విడిగా చెప్పేదేముంది. ఇన్నాళ్ళూ ఓపిక పట్టిన పలాస వాళ్ళకి చాలా థాంక్స్.

అయ్యో, లెటర్‌హెడ్ స్కాన్ చేయడానికి మూసిన షాపు మళ్ళీ తెరిచిన జిరాక్స్ అన్నయ్యని మర్చిపోయాను. మా వాచ్‌మన్ తాతని కూడా. మూడింటికి గ్లాసుతో టీ తెచ్చి, కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళింది ఆయనే.